చెడిపోయిన లగ్జరీ కారు కొన్నాక ఇంజన్‌లో లోపం ఎక్కడుందో పట్టుకోవడం ఎలా

ఆగిపోయిన లగ్జరీ కారు కొనడం తేలికే. అది ఎందుకు ఆగిపోయిందో పట్టుకోవడానికే ఓపిక కావాలి. నేను ఇలాంటి బండ్లు కొని బాగుచేసుకుంటాను, ఎక్కువగా ఆరు సిలిండర్ల జర్మన్ పెట్రోల్ ఇంజన్లు, అప్పుడప్పుడు డీజిల్. మన చేతికి వచ్చేసరికే ఆ కారును ఎవరో ఒకరు బాగుచేయబోయి, కుదరక వదిలేసి ఉంటారు. అంటే అందులో బండిని ఆపిన అసలు లోపం ఒకటి ఉంటుంది, దాన్ని వెతుకుతూ ముందువాళ్ళు చేసిపెట్టినవి మరికొన్ని ఉంటాయి. ఈ రెంటినీ విడదీయకుండా స్కానర్ (కారు కంప్యూటర్ రాసిపెట్టుకున్న లోపాల కోడ్‌లను చదివే పరికరం) పెడితే ఇరవై ముప్పై కోడ్‌లు ఒకేసారి వచ్చిపడతాయి, ఏది ముందో ఏది వెనకో తెలియదు. అందుకే నేను స్కానర్‌తో మొదలుపెట్టను. కళ్ళతో, చేతులతో మొదలుపెడతాను.

అమ్మిన మనిషిని "ఏం పాడైంది?" అని అడగకండి. వాళ్ళకు తెలిస్తే బాగుచేయించుకునేవాళ్ళే. "చివరిసారి నడిచినప్పుడు ఏం జరిగింది?" అని అడగండి. నడుస్తూ నడుస్తూ చప్పుడు లేకుండా ఆగిపోయిందంటే పెట్రోల్ అందకపోవడమో, క్రాంక్ సెన్సరో (ఇంజన్ తిరుగుడును కంప్యూటర్‌కు చెప్పేది), కరెంటు సమస్యో అయ్యుండొచ్చు. గలగలమని చప్పుడు చేసి ఆగితే వాల్వుల కదలికను పిస్టన్లతో జతపరిచే టైమింగ్ చైన్ మీద అనుమానం. వేడెక్కి ఆగితే హెడ్ గాస్కెట్, అంటే సిలిండర్లకూ పైనున్న హెడ్‌కూ మధ్య ఉండే సీలు. రాత్రి బాగానే నిలబెట్టి పొద్దున స్టార్ట్ కాలేదంటే బ్యాటరీ, తాళం చెవిని గుర్తుపట్టకపోతే ఇంజన్‌ను నడవనివ్వని ఇమ్మొబిలైజర్, ఫ్యూయల్ పంపు. నీళ్ళలో నడిపారా అని కూడా తప్పకుండా అడగండి. జవాబు ఏదైనా, ఎయిర్ ఫిల్టర్ పెట్టె విప్పి అడుగున బురద గీత ఉందేమో మీరే చూసుకోండి.

తర్వాత బానెట్ ఎత్తి, టార్చి వేసి కొత్తగా కనిపించేవన్నీ రాసుకోండి. ప్లగ్గులకు నిప్పురవ్వ పుట్టించే కాయిల్స్ కొత్తవా? వాటర్ పంపు, థర్మోస్టాట్, రేడియేటర్ మూడూ కొత్తవా? ఏ బోల్టు అంచులు పానా తగిలి మెరుస్తున్నాయి? ఎక్కడ సీలెంట్ బయటికి కారి గడ్డకట్టింది? ఏ కనెక్టర్ లాక్ విరిగింది? కాయిల్స్, ప్లగ్గులు, ఇంజెక్టర్లు అన్నీ కొత్తవై ఉండీ ఇంజన్ మిస్సింగ్ కొడుతోందంటే లోపం లోపలి ఇనుములో ఉండే అవకాశం ఎక్కువ. కూలింగ్ భాగాలన్నీ కొత్తవంటే బండి చాలాసార్లు వేడెక్కిందన్నమాట. అయితే కొత్త భాగం కాబట్టి మంచిదే అనుకోవద్దు. నాసిరకం సెన్సర్లు పెట్టెలోంచి తీసినప్పుడే తప్పుడు రీడింగులిస్తాయి.

సెల్ఫ్ కొట్టే ముందు

ఈ భాగం మీద నాకు పట్టింపు ఎక్కువ. బండి రాగానే బ్యాటరీ తగిలించి సెల్ఫ్ కొట్టాలని ప్రాణం లాగుతుంది, తెలుసు. కానీ లోపల నీళ్ళుంటే ఆ ఒక్క సెల్ఫ్‌తో పిస్టన్‌ను క్రాంక్‌కు కలిపే కనెక్టింగ్ రాడ్ వంగుతుంది. చైన్ జారి ఉంటే వాల్వులు పిస్టన్లకు తగులుతాయి. బాగయ్యే ఇంజన్ ఆ ఒక్క క్షణంలో తుక్కు అవుతుంది.

ముందు ఆయిల్ చూడండి. కొత్త తరం బిఎండబ్ల్యూ, ఆడి, పోర్షే కార్లలో చాలావాటికి డిప్‌స్టిక్ ఉండదు, లెవల్ స్క్రీన్ మీదే చూపిస్తుంది. అలాంటప్పుడు కింద డ్రెయిన్ బోల్టును నిదానంగా వదులు చేయండి. ఆయిల్ కంటే నీరు బరువు కాబట్టి, చాలాకాలం కదలకుండా ఉన్న బండిలో నీరుంటే ముందు నీరే కారుతుంది. ఆయిల్ పాలు కలిపినట్టుగా ఉంటే కూలెంట్ కలిసింది. లెవల్ ఉండాల్సిన దానికంటే ఎక్కువై, పెట్రోల్ వాసన వస్తుంటే ఏదో ఇంజెక్టర్ కారుతోంది. ఆయిల్ మూత కింద మాత్రమే తెల్లటి జిడ్డు కనబడితే కంగారు పడకండి. దగ్గరి దూరాలకే తిరిగే బండ్లలో తేమ వల్ల కూడా అలా వస్తుంది.

తర్వాత ఆయిల్ ఫిల్టర్. ఖర్చు లేకుండా ఇంజన్ లోపలి సంగతి ఇంత స్పష్టంగా చెప్పేది మరొకటి లేదు. జర్మన్ కార్లలో ఎక్కువగా మడతల కాగితం ఫిల్టరే ఉంటుంది, పదునైన కత్తితో కాగితాన్ని రెండు చివర్లా కోసి బయటికి తీయొచ్చు. నేను దాన్ని శుభ్రమైన గుడ్డలో చుట్టి గట్టిగా పిండి, మడతలు విప్పి ఎండలో పరుస్తాను. ఒక్కో మడతనూ వేలితో తడిమి, అయస్కాంతం దగ్గర పెట్టి చూస్తాను. అంటుకున్నది ఉక్కు. అది చైన్ నుంచో, వాల్వులను తెరిచే క్యామ్ నుంచో వచ్చుంటుంది. అంటుకోని వెండి రంగు రజను అల్యూమినియం. రాగి, బంగారు రంగు రేకులు కనిపిస్తే క్రాంక్ బేరింగుల పైపొర అరిగి లోపలి పొర బయటపడిందని అర్థం. గోధుమ రంగువో నల్లవో ప్లాస్టిక్ ముక్కలు ఉంటే చైన్ గైడ్లు పగిలాయి. ఆ ముక్కలు ఆయిల్ పంపు జల్లెడకు అడ్డంపడి ప్రెషర్ తగ్గిస్తాయి కాబట్టి సంప్ (అడుగున ఆయిల్ నిలిచే పళ్ళెం) దించాల్సిందే. కంటికి కష్టంగా ఆనే సన్నటి మెరుపు పాత ఇంజన్లలో మామూలే. గోటితో తీయగలిగేంత రేకు ఉంటే మాత్రం నేను ఆ ఇంజన్‌ను స్టార్ట్ చేయను.

ఇప్పుడు స్పార్క్ ప్లగ్గులన్నీ విప్పి, సిలిండర్ నంబర్ రాసిన అట్టముక్క మీద వరసగా పెట్టండి. లేత గోధుమ రంగు మంచిది. తడిగా నల్లగా జిడ్డుంటే ఆయిల్, పొడి మసి ఉంటే పెట్రోల్ ఎక్కువ. అన్నీ ఒకలా ఉండి ఒక్కటే తెల్లగా కడిగినట్టుంటే ఆ సిలిండర్‌లోకి కూలెంట్ వస్తోంది. అవే రంధ్రాల్లోంచి సన్నటి బోర్‌స్కోప్ కెమెరా దించండి, ఫోన్‌కు తగిలించేది చాలు. బోర్ (సిలిండర్ లోపలి) గోడల మీద నిలువు గీతలు, పిస్టన్ తల మీద నెలవంకలాంటి గుర్తులు వెతకండి. నెలవంక ఉందంటే వాల్వు తగిలింది.

ప్లగ్గులు బయటే ఉండగా, ముందువైపు క్రాంక్ పుల్లీ బోల్టుకు పొడుగాటి పానా వేసి ఇంజన్‌ను తిరిగే దిశలోనే చేత్తో తిప్పండి. దాదాపు అన్ని ఇంజన్లూ ముందు నుంచి చూస్తే గడియారం ముల్లు దిశలో తిరుగుతాయి, అయినా మీ ఇంజన్ మాన్యువల్‌లో ఒకసారి చూసుకోండి. రెండు పూర్తి చుట్లు తిప్పాలి. ఫోర్ స్ట్రోక్ ఇంజన్‌లో వాల్వులన్నీ ఒకసారి తెరుచుకుని మూసుకోవడానికి 720 డిగ్రీలు కావాలి. ఎక్కడైనా గట్టిగా అడ్డం తగిలితే అక్కడే ఆపండి, బలం వాడొద్దు. లోపల నీరుంటే ప్లగ్ రంధ్రాల్లోంచి బయటికి వచ్చేస్తుంది, రాడ్లు వంగవు. డీజిల్ అయితే స్పార్క్ ప్లగ్గులుండవు, గ్లో ప్లగ్గులు విప్పి తిప్పాలి.

బ్యాటరీ, ఎర్త్, ఆ తర్వాతే స్కానర్

లగ్జరీ కారు నిండా కంట్రోల్ మాడ్యూళ్ళే. వోల్టేజి తగ్గితే ఒక్కోటీ ఒక్కో తప్పుడు కోడ్ రాసిపెడుతుంది. బ్యాటరీ నిండా ఉంటే 12.6 వోల్టులు, సగముంటే 12.2 దగ్గర చూపిస్తుంది. సెల్ఫ్ కొట్టేటప్పుడు 9.6 కంటే కిందికి పడిపోతే ఆ బ్యాటరీని నమ్మొద్దు. ఇది డిక్కీలోనో సీటు కిందో ఉంటుంది, కొన్ని మోడళ్ళలో రెండుంటాయి. స్కాన్ చేసేంతసేపూ మంచి ఛార్జర్ తగిలించే ఉంచండి. ఇంజన్‌కూ బాడీకీ మధ్య ఉండే ఎర్త్ తీగను కూడా పరీక్షించాలి. మల్టీమీటర్ ఒక కొన ఇంజన్ లోహానికి, ఇంకో కొన బ్యాటరీ నెగటివ్‌కు పెట్టి సెల్ఫ్ కొట్టించండి. 0.2 వోల్టుల దగ్గర ఉంటే బాగుంది. అర వోల్టు దాటిందంటే ఎర్త్ పోయింది. నేను చూసినంతలో జనం ఎక్కువగా వదిలేసే పరీక్ష ఇదే.

స్కానర్లు కారు కంప్యూటర్‌తో మాట్లాడే ఓబీడీ ప్రమాణం అమెరికాలో 1996 నుంచి, యూరప్‌లో పెట్రోల్ కార్లకు 2001 నుంచి తప్పనిసరి అయింది. అది పుట్టిందే పొగ కాలుష్యాన్ని అదుపు చేయడానికి. అందుకే చవక రీడర్లు ఆ మేరకే చూపిస్తాయి. ఈ కార్లకు అన్ని మాడ్యూళ్ళనూ చదవగలిగే, ఆ బ్రాండ్ కోసమే చేసిన సాఫ్ట్‌వేర్ కావాలి. కోడ్‌లన్నీ చదివి సేవ్ చేసుకునేదాకా ఒక్కటి కూడా చెరపకండి. కోడ్ పక్కనే ఫ్రీజ్ ఫ్రేమ్ ఉంటుంది: లోపం వచ్చిన క్షణంలో ఇంజన్ వేగం ఎంత, కూలెంట్ వేడి ఎంత, లోడ్ ఎంత అని. అది కోడ్ కంటే విలువైనది. రెడీనెస్ మానిటర్లు కూడా చూడండి. అవన్నీ 'పూర్తి కాలేదు' అని చూపిస్తుంటే ఎవరో ఈమధ్యే కోడ్‌లు చెరిపారు, లేదా బ్యాటరీ తీశారు. ఇవన్నీ రాసుకున్నాక చెరిపి, ఇగ్నిషన్ ఆన్‌లో పెట్టండి. వెంటనే తిరిగి వచ్చినవి కరెంటు తీగల, సెన్సర్ల సమస్యలు. మిగతావి ఇంజన్ తిరిగితేనే తెలుస్తాయి.

కోడ్ చెప్పేది కంప్యూటర్ ఏం గమనించిందో అంతే, ఏ భాగం మార్చాలో కాదు. పి0171 వస్తే చాలామంది ఆక్సిజన్ సెన్సర్ మారుస్తారు. ఆ సెన్సర్ నిజమే చెబుతోంది, పెట్రోల్‌తో పోలిస్తే గాలి ఎక్కువైందని. ఆ గాలి ఎక్కడి నుంచి వస్తోందో, పెట్రోల్ ఎందుకు తగ్గిందో వెతకాల్సింది మనం.

సెల్ఫ్ తిరుగుతుంది, స్టార్ట్ కాదు

చెవి పెట్టండి. బాగున్న ఇంజన్ సెల్ఫ్ కొట్టినప్పుడు ఒక్కో సిలిండర్ బరువూ సమానంగా వినిపిస్తుంది. మధ్యలో ఒక దెబ్బ తేలికైతే ఒక సిలిండర్‌లో కంప్రెషన్ (పిస్టన్ గాలిని నొక్కే ఒత్తిడి) లేదు. అసలు బరువే లేకుండా రయ్యిమని తిరిగిపోతే టైమింగ్ తప్పింది. అక్కడితో సెల్ఫ్ ఆపేయండి.

శబ్దం బాగుంటే స్కానర్‌లో ఇంజన్ వేగం చూడండి. సెల్ఫ్ కొడుతున్నప్పుడు 200 ఆర్‌పీఎం అటూఇటూ కనిపించాలి. సున్నా చూపిస్తే క్రాంక్ సెన్సర్, లేదా దాని తీగ. ఆ సిగ్నల్ లేనిదే చాలా కార్లలో కంప్యూటర్ ఇంజన్‌ను నడపలేదు. తర్వాత ఫ్యూయల్ ప్రెషర్. పెట్రోల్‌ను నేరుగా సిలిండర్‌లోకి చిమ్మే డైరెక్ట్ ఇంజెక్షన్ ఇంజన్లలో ట్యాంకు పంపు పంపేది సుమారు 5 బార్, దాన్ని ఇంజన్ మీదున్న హై ప్రెషర్ పంపు ఎన్నో రెట్లు పెంచుతుంది. రెంటినీ విడివిడిగా చూడాలి. కామన్ రైల్ (ఇంజెక్టర్లన్నిటికీ ఒకే గొట్టం నుంచి డీజిల్ అందే) డీజిల్లో రైల్ ప్రెషర్ సుమారు 200 బార్ చేరకపోతే సాధారణంగా స్టార్ట్ కాదు. అంత చేరడం లేదంటే వెంటనే పంపు మీద పడకండి, ఏ ఇంజెక్టర్ రిటర్న్ పైపులోకి ఎక్కువ డీజిల్ వదిలేస్తోందో సీసాలు పెట్టి కొలవండి.

స్టార్ట్ అవుతుంది, సరిగ్గా నడవదు

మొదటిసారి స్టార్ట్ చేసేటప్పుడు కొత్త ఆయిల్, కొత్త ఫిల్టర్ ఉండాలి. ఆయిల్ లైటు కొన్ని సెకన్లలో ఆరిపోకపోతే వెంటనే ఆపండి.

ఒక సిలిండర్ మిస్సింగ్ కొడుతుంటే దాని కాయిల్‌ను పక్క సిలిండర్‌కు మార్చండి. లోపం కాయిల్‌తోపాటు పక్కకు పోతే కాయిలే దొంగ. పోకపోతే ప్లగ్‌తో అదే పని చేయండి. ఇంజెక్టర్ జోలికి పోయే ముందు కంప్రెషన్ తీయండి, ఎందుకంటే డైరెక్ట్ ఇంజెక్టర్ పీకడమంటే సీళ్ళు మార్చాలి, చాలా ఇంజన్లలో సిలిండర్లకు గాలి పంచే ఇన్‌టేక్ మానిఫోల్డ్ కూడా దించాలి.

ఫ్యూయల్ ట్రిమ్ చూడటం నేర్చుకుంటే సగం పని అయిపోతుంది. ట్రిమ్ అంటే కంప్యూటర్ తన లెక్కకు అదనంగా ఎంత పెట్రోల్ కలుపుతోందో, ఎంత కోస్తోందో చూపే శాతం. సున్నాకు 5 శాతం అటూఇటూ ఉంటే ఇబ్బంది లేదు. ఐడ్లింగ్‌లో 20 శాతం కలుపుతూ, 2500 ఆర్‌పీఎం దగ్గర మామూలుకు వచ్చేస్తే ఎక్కడో గాలి లీకు ఉంది. దానికి విరుద్ధంగా ఐడ్లింగ్‌లో బాగుండి లోడ్ పెరిగేకొద్దీ ట్రిమ్ పెరిగితే పెట్రోల్ చాలడం లేదు, లేదా గాలిని కొలిచే సెన్సర్ తక్కువ చెబుతోంది. గాలి లీకుకు స్మోక్ మెషిన్‌తో ఇన్‌టేక్‌లోకి పొగ పంపడమే నమ్మకమైన దారి. దానికంటే ముందు ఒక చిన్న పరీక్ష: ఇంజన్ తిరుగుతుండగా ఆయిల్ మూత తీయబోతే, ఎవరో లోపలి నుంచి పట్టుకున్నట్టు అది అస్సలు రాకపోతే, సన్నటి ఈల కూడా వినిపిస్తే, ఇంజన్ అడుగు భాగంలోని ఆవిర్లను బయటికి పంపే క్రాంక్‌కేస్ వెంట్ వాల్వు పొర చిరిగింది. కొన్ని ఇంజన్లలో అది వాల్వ్ కవర్‌లోనే కలిసి ఉంటుంది, కవర్ మొత్తం మార్చాలి.

ఒక బండి సంగతి చెబుతాను. ఆరు సిలిండర్ల టర్బో పెట్రోల్ ఇంజన్. పొద్దున చల్లగా ఉన్నప్పుడు స్టార్ట్ చేస్తే రెండో సిలిండర్ మిస్సింగ్, కోడ్ పి0302. కాసేపటికి నున్నగా తిరిగేది, ఇక రోజంతా పేచీ లేదు. ముందువాళ్ళు కాయిల్స్, ప్లగ్గులు, రెండో ఇంజెక్టర్ మార్చేసి ఉన్నారు. ఫ్రీజ్ ఫ్రేమ్‌లో ప్రతిసారీ కూలెంట్ బయటి గాలి అంత చల్లగానే ఉంది, అంటే రాత్రంతా నిలబడ్డాకే వస్తోంది. కంప్రెషన్ ఆరింటిలోనూ దాదాపు సమానం. చాలామంది ఇక్కడితో హెడ్ గాస్కెట్‌ను అనుమానితుల్లోంచి తీసేస్తారు. కెమెరా దించితే ఐదు పిస్టన్లు మసిపట్టి నల్లగా, రెండోది మాత్రం లోహం కనిపించేంత శుభ్రంగా ఉంది. ఇంజన్ వేడిగా ఉండగా కూలింగ్ సిస్టమ్‌కు ప్రెషర్ టెస్టర్ తగిలించి, మూత మీద రాసి ఉన్నంత ఒత్తిడి పెట్టి రాత్రంతా వదిలేశాను. పొద్దున ప్లగ్ తీసి చూస్తే పిస్టన్ మీద రంగు రంగుగా కూలెంట్ బొట్లు. వేడిమీద లోహం వ్యాకోచించినప్పుడు మూసుకుపోయే సన్నటి లీకు, చల్లబడుతుంటే తెరుచుకునేది. హెడ్ దించితే గాస్కెట్ అంచున, రెండో సిలిండర్‌కూ కూలెంట్ దారికీ మధ్య దాని జాడ కనబడింది.

ఇలాంటి సన్నటి లీకును కంప్రెషన్ పరీక్ష పట్టుకోలేదు కానీ దాని విలువ దానికుంది. ఇంజన్ వేడిగా, ప్లగ్గులన్నీ విప్పి, ఫ్యూయల్ పంపు ఫ్యూజు తీసేసి, యాక్సిలరేటర్ పూర్తిగా నొక్కి తీయాలి. పెట్రోల్ ఇంజన్‌కు మామూలుగా 10 నుంచి 14 బార్ వస్తుంది. అంకె ఎంతన్నదాని కంటే సిలిండర్ల మధ్య తేడా ముఖ్యం, 15 శాతం దాటకూడదు. తగ్గిన సిలిండర్‌లో ఒక చెంచా ఆయిల్ పోసి మళ్ళీ తీయండి. పెరిగితే రింగులు, పెరగకపోతే వాల్వులు లేదా గాస్కెట్. పక్కపక్కన రెండు సిలిండర్లు కలిసి తగ్గితే వాటి మధ్య గాస్కెట్ పోయింది. ఇంకా తేలకపోతే లీక్‌డౌన్: పిస్టన్‌ను పైకి తెచ్చి ప్లగ్ రంధ్రంలోంచి గాలి ఎక్కించి వినండి. సైలెన్సర్లో బుస వినిపిస్తే ఎగ్జాస్ట్ వాల్వు, ఇన్‌టేక్‌లో వినిపిస్తే ఇన్‌టేక్ వాల్వు, ఆయిల్ మూత దగ్గర వినిపిస్తే రింగులు, కూలెంట్‌లో బుడగలొస్తే గాస్కెట్ లేదా హెడ్ పగులు.

మీ ఇంజన్‌కు ఉన్న జబ్బు

ప్రతి ఇంజన్ కుటుంబానికీ పేరుమోసిన బలహీనత ఒకటుంటుంది. కారు పేరుతో కాదు, ఇంజన్ కోడ్‌తో వెతకండి. మెర్సిడెస్ ఎం272 వి6 మొదటి ఏళ్ళవాటిలో అదురును తగ్గించే బ్యాలెన్స్ షాఫ్ట్ గేరు పళ్ళు అరుగుతాయి. క్యామ్ టైమింగ్ కోడ్‌లు వస్తాయి, సెన్సర్లు మార్చినా పోవు, ఇంజన్ దించాల్సిందే. అదే కంపెనీ ఓఎం642 డీజిల్లో ఆయిల్ కూలర్ సీళ్ళు కారి, ఆయిల్ 'V' ఆకారంలో ఉన్న రెండు సిలిండర్ వరసల మధ్యలో నిలుస్తుంది. బిఎండబ్ల్యూ ఎన్47 డీజిల్లో చైన్ గేర్‌బాక్స్ వైపు ఉంటుంది, వెనక నుంచి గరగర వినిపిస్తే తేలిగ్గా తీసుకోవద్దు. ఎన్52, ఎన్54, ఎన్55లలో వాటర్ పంపు కరెంటుతో తిరుగుతుంది, ఆగిపోయినా బెల్టు చూస్తే ఏమీ తెలియదు. ఆడిలో ఈఏ888 రెండో తరం ఆయిల్ తాగుతుంది, పిస్టన్ రింగుల వల్ల. పోర్షేలో 1997 నుంచి 2008 దాకా వచ్చిన బాక్‌స్టర్లకు క్రాంక్ నుంచి క్యామ్‌లకు తిరుగుడు అందించే ఇంటర్మీడియట్ షాఫ్ట్ బేరింగ్ భయం ఉంది, అక్కడ ఆయిల్ ఫిల్టర్ కోసి చూడటం తప్పనిసరి.

అయితే జబ్బు పేరు తెలిసింది కదా అని పరీక్ష మానకండి. పేరుమోసిన జబ్బు పక్కనే మామూలు తీగ తెగి ఉన్న బండ్లూ ఉంటాయి.

రాగి రేకులు కనిపించినా, లైనర్ (సిలిండర్ లోపలి ఇనుప తొడుగు) లేని అల్యూమినియం బోర్లలో గోరు తగిలేంత గీతలున్నా, నేను అక్కడే ఆగి, ఇంకో ఇంజన్ వెయ్యడమా, భాగాలుగా అమ్మడమా అని లెక్క వేస్తాను. మిగతావాటికి ఒకటే నియమం: ఖరీదైన భాగం తెప్పించే ముందు, ఒకదానితో ఒకటి సంబంధం లేని రెండు పరీక్షలు అదే భాగాన్ని చూపించాలి. హై ప్రెషర్ పంపును అనుమానిస్తే స్కానర్‌లో ప్రెషర్ పడిపోవడం ఒక సాక్ష్యం. ట్యాంకు వైపు ప్రెషర్‌ను గేజ్ పెట్టి కొలిచి, అది సరిగ్గా ఉందని తేల్చుకోవడం రెండోది. రెండోది లేకుండా ఆర్డర్ పెట్టకండి.